పౌరసత్వం మారితే పొలం పోదు, పోయేది ఓటు

దసరాకు మిర్యాలగూడ దగ్గర మా అక్క వాళ్ల ఊరికి వెళ్లాను. పట్టాదారు పాస్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాడు. ‘‘వాడు అమెరికోడైతే ఈ నాలుగెకరాలు వానికి రావంటున్నరు, నిజమేనా తమ్మీ?’’ అని అడిగింది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈ భయం చాలా ఇళ్లలో ఉంది. నిజానికి వారసత్వంగా వచ్చే భూమికి పౌరసత్వం అడ్డు కాదు. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికే వీల్లేదు. ఆ నిషేధం విదేశాల్లో ఉండే భారత పాస్‌పోర్టు వాళ్లకూ ఉంది. సాగర్ ఎడమ కాల్వ కింద పక్కనే అమ్మకానికున్న మడిని మా మేనల్లుడు గ్రీన్‌కార్డుతో ఉన్నా కొనలేడు.

నిజంగా పోయేది ఓటు. మన రాజ్యాంగంలోని 9వ అధికరణ, 1955 పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. అక్కడ ప్రమాణం చేయగానే ఇక్కడిది రద్దయినట్టే. ఆ తర్వాత తీసుకునే ఓసీఐ కార్డు జీవితకాలపు వీసా లాంటిది, పౌరసత్వం కాదు. ఎన్నారై ఓటరుగా నమోదై పోలింగ్ రోజున వస్తే ఓటేయొచ్చు. ఓసీఐకి ఆ హక్కు లేదు. అయినా 2022లో 2,25,620 మంది మన పౌరసత్వం వదులుకున్నారు.

ఎందుకో మా ఇంట్లోనే చూశాను. బావకు పక్షవాతం వచ్చినప్పుడు మేనల్లుడు మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో రోజులు లెక్కపెట్టుకునేవాడు. గ్రీన్‌కార్డు వాళ్లు ఆర్నెల్లు దాటి బయటుంటే పౌరసత్వానికి కావాల్సిన ఐదేళ్ల లెక్క తెగిపోవచ్చు. అనుమతి లేకుండా ఏడాది దాటితే కార్డుకే ఎసరు. ఆ కార్డు రావడానికే మనవాళ్లు ఏళ్లకేళ్లు క్యూలో ఉంటారు, వదులుకోమని ఎలా చెప్తాం? అమెరికా పౌరుడికి ఈ టెన్షన్ లేదు. ఓసీఐతో వచ్చి తల్లి దగ్గర ఎన్నాళ్లైనా ఉండొచ్చు. అమ్మను అక్కడికి తీసుకెళ్లాలన్నా 21 ఏళ్లు నిండిన పౌరుడే పిటిషన్ వేయగలడు, గ్రీన్‌కార్డు వాళ్లకు ఆ వీలే లేదు.

అందుకే, మన పిల్లల్ని ఊరికి దూరంగా కట్టిపడేసేది గ్రీన్‌కార్డేనని నా అభిప్రాయం. తల్లిదండ్రులకు వయసు మీద పడుతుంటే, పౌరసత్వం తీసుకోవడాన్ని ఊరిని కాదనుకోవడంగా చూడకూడదు.

ఇదంతా విన్నాక అక్క పాస్‌బుక్ బీరువాలో పెట్టింది. ‘‘మరి ఓటర్ లిస్టుల వాని పేరు?’’ అంది. ప్రమాణం అయ్యాక ఫారం 7 ఇచ్చి తీయించాలని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.