నెల తప్పాక తీసుకున్న పాలసీ పురిటికి అక్కరకు రాదు

మూడు నెలలుగా మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది, మా ఆడపడుచు పంపింది, చివరికి మా ఆసుపత్రి సిస్టరమ్మ కూడా పంపింది. "విశాఖ దంపతులకు ముఖ్య గమనిక" అని మొదలవుతుంది. అందులో ఉన్నదిదీ. గర్భం అని తెలిసిన రోజే ఆరోగ్య బీమా తీసుకోండి, కాన్పు ఖర్చంతా కంపెనీదే. 2024 కొత్త నిబంధనలతో వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ కొన్నాక క్లెయిముకు ఆగాల్సిన గడువు, రద్దయింది. సిజేరియన్ ఆపరేషన్ కాబట్టి ఏ పాలసీలోనైనా వస్తుంది. దరఖాస్తులో గర్భం సంగతి రాయకండి. పుట్టిన బిడ్డ తల్లి పాలసీలో తనంతట తానే చేరిపోతుంది. ఆఫీసు పాలసీని నమ్ముకోకండి. ఇవన్నీ పాటిస్తే సర్కారువారి ఘోషా ఆసుపత్రికి వెళ్లే గతి పట్టదు. అడుగున ఒక ఫోను నంబరు ఉంది. ఎవరిదై ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నేను పదకొండేళ్లుగా నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చుంటున్నాను. ఈ సందేశం నమ్మినవాళ్లు చివరికి వచ్చి నిలబడేది నా ముందే.

పోయిన నెల గాజువాక నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. భార్యకు ఏడో నెల. ఆ అమ్మాయి వెనక కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పి, వాచిన పాదాలు చల్లటి గచ్చుకు ఆనించుకుంది. ఇతను ప్లాస్టిక్ ఫైలు తెరిచి, "అక్కా, ప్రసూతి యాభై వేలు అని ఇక్కడ రాసే ఉంది కదా" అంటూ పాలసీ కాగితం నా వైపు తిప్పాడు. నిజమే, రాసే ఉంది. అతని బొటనవేలు మాత్రం సరిగ్గా దాని కింది వరుస మీద ఉంది. వేలు తీయమన్నాను. "24 నెలల నిరంతర కవరేజీ తర్వాత." పాలసీ వయసు ఐదు నెలలు.

ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ప్రసూతి ఖర్చు ఇచ్చే పాలసీలు అసలే తక్కువ. ఇచ్చేవాటిలో వెయిటింగ్ పీరియడ్ తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా ఉంటుంది. నేను రోజూ చూసేవి ఎక్కువగా రెండేళ్లవీ మూడేళ్లవీ. తొమ్మిది నెలలది దొరికినా సరే, నెల తప్పాక కొంటే అందదు. లెక్క చూడండి. డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి నలభై వారాలుగా లెక్కిస్తారు. నెల తప్పి, పరీక్ష చేసుకుని, గీతలు రెండు కనబడేసరికే అందులో నాలుగైదు వారాలు అయిపోయి ఉంటాయి. మిగిలేది ఎనిమిది నెలలు, అటూ ఇటూగా. ఆ రోజు సాయంత్రమే ప్రీమియం కట్టినా కాన్పు గడువుకు ముందే వచ్చేస్తుంది. రెండేళ్ల పాలసీ అయితే పెళ్లి శుభలేఖలు అచ్చువేయించే రోజుల్లోనే కొనాలి. శుభమా అని పెళ్లి చేస్తుంటే ఆసుపత్రి మాటలేమిటని మన ఇళ్లలో పెద్దవాళ్లు కసురుకుంటారు. కసురుకుంటే కసురుకోనివ్వండి.

రెండోది, "కొత్త నిబంధనలతో రద్దయింది" అన్న మాట. దీనికి ఒక నిజం తోక ఉంది, అందుకే ఇంతలా నమ్ముతున్నారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో కొన్ని నిబంధనలు మార్చింది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠ వెయిటింగ్ పీరియడ్ నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. అయిదేళ్లు ఆపకుండా ప్రీమియం కట్టినవారి క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారంటూ కొట్టేయడానికి వీల్లేదు. ఇంతకు ముందు ఆ గడువు ఎనిమిదేళ్లు. క్యాష్‌లెస్ విన్నపానికి (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టాలని అడిగేదానికి) గంటలో జవాబు చెప్పాలి, డిశ్చార్జి రోజు మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలి. అన్నీ మంచివే. వీటిలో ప్రసూతి వెయిటింగ్ పీరియడ్‌ను ఎత్తేసిన మాట ఎక్కడా లేదు. గర్భం జబ్బు కాదు కదా, జబ్బుల నిబంధన దానికి ఎలా వర్తిస్తుంది? మరో చిన్న సంగతి. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుందని కూడా ఆ సందేశం చివర ఉంది. వ్యక్తిగత, కుటుంబ పాలసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. రాసినవారికి కనీసం ఇదైనా తెలియదు.

సిజేరియన్ సంగతికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్‌వే కనుక ఏ పాలసీలోనైనా డబ్బు వస్తుందన్న ఆశ చాలా ఇళ్లలో ఉంటుంది. "ఆపరేషనే కదండీ, అపెండిక్స్‌కు ఇచ్చినప్పుడు దీనికెందుకు ఇవ్వరు?" అని వారానికొకరైనా అడుగుతారు. ప్రసూతి కవరు లేని పాలసీలన్నిటిలో మినహాయింపుల జాబితాలో పద్దెనిమిదో నంబరు కోడ్ ఒకటి ఉంటుంది. ఏ కంపెనీ పాలసీ తెరిచినా అదే నంబరు, అవే మాటలు. ఐఆర్‌డీఏఐ 2019లో అందరికీ ఒకే పాఠం ఖరారు చేసింది. ప్రసవానికి సంబంధించిన వైద్య ఖర్చులు ఇవ్వరు, క్లిష్టమైన కాన్పులూ సిజేరియన్లూ అందులో చేరినవే అని పేరు పెట్టి మరీ రాశారు. గర్భస్రావం ఖర్చూ రాదు, ప్రమాదం వల్ల జరిగితే తప్ప. ఒక్కదానికి మాత్రం సడలింపు ఉంది. పిండం గర్భసంచిలో కాక బయట, ఎక్కువగా ట్యూబులో, పడితే, అంటే ఎక్టోపిక్ గర్భమైతే, దాన్ని ఈ మినహాయింపు నుంచి తప్పించారు. అది ప్రాణం మీదికి వచ్చే అత్యవసర పరిస్థితి. ప్రసూతి కవరు లేదని ఆ క్లెయిము అసలు పెట్టకుండానే ఇంటికి వెళ్లిపోయిన దంపతులను ఎరుగుదును. తర్వాత పిలిపించి కాగితాలు పెట్టించాం, డబ్బు వచ్చింది.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలంటారు. బీమా కంపెనీ ఆ రకం మంత్రసాని కాదు. ఏది పడుతుందో, ఎంతవరకు పడుతుందో ముందే రాసి పెట్టుకుంటుంది. ప్రసూతి కవరు ఉన్న పాలసీలో కూడా పాలసీ మొత్తం పది లక్షలైనా పురిటికి ఇచ్చేది యాభై వేలో డెబ్భై అయిదు వేలో, దానికి వేరే పరిమితి. చాలావాటిలో రెండు కాన్పుల వరకే. ఉదాహరణకు ప్రసూతి కవరు కోసం ఏడాదికి ఎనిమిది వేలు అదనంగా కడుతున్నారనుకోండి. వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లయితే నాలుగో ప్రీమియం కట్టాకే కాన్పుకు డబ్బు వస్తుంది. ముప్ఫై రెండు వేలు పోసి యాభై వేలు తెచ్చుకున్నట్టు. బిడ్డ రెండో ఏడే పుడితే పదహారు వేలు పోసి ఏమీ తెచ్చుకోనట్టు. అదే డబ్బు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి అని నేను కొందరికి చెబుతాను. ఏజెంట్లకు నా మీద కోపం. పాలసీ వద్దని నేననడం లేదు. పురిటి పరిమితి చూసి పాలసీ ఎంచుకోవద్దంటున్నాను. గది అద్దెకు పరిమితి ఉందా, బిల్లులో కొంత శాతం మనమే కట్టుకోవాలా, మనకు దగ్గరి ఆసుపత్రులు కంపెనీతో ఒప్పందం ఉన్నవాటి నెట్‌వర్క్‌లో ఉన్నాయా అన్నవి ముందు చూడాలి. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో కదా. అమ్మాయి పుట్టిల్లు టెక్కలి అయితే విశాఖ ఆసుపత్రుల జాబితా చదివి ఏం లాభం? నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ ఇచ్చే ఏర్పాటు 2024 జనవరిలో బీమా కంపెనీలు తెచ్చాయి. ముందే తెలిసిన చేరికకు 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి. పాలసీలో వచ్చే ఖర్చయితేనే సుమా.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండించింది "గర్భం సంగతి రాయకండి" అన్న సలహా. దాగుతుందా అది? స్కానింగ్‌కు వెళ్లిన ప్రతి గర్భిణికీ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ నింపుతారు. చివరి నెలసరి తేదీ, ఎన్నో వారమో అందులో ఉంటాయి. కేస్ షీటు మొదటి పేజీలో అదే తేదీ, డిశ్చార్జి సమ్మరీలోనూ అదే. కంపెనీ డాక్టరు చూసేది ముందు దాన్నే. పాలసీ మొదలైన తేదీ పక్కన పెట్టుకుంటే చిన్నపిల్లలు చేసే తీసివేత లెక్క. కాన్పు డబ్బు ఎలాగూ రాదు. దాచినందుకు పాలసీ మొత్తం రద్దయితే రేపు భర్తకు ప్రమాదం జరిగినా కవరు ఉండదు. కొత్త పాలసీకి వెళ్తే గతంలో ఏ కంపెనీ అయినా నిరాకరించిందా అని అడుగుతారు. ఉన్నదున్నట్టు రాసినవారి క్లెయిము అన్యాయంగా తిరస్కరిస్తే పోరాడే దారి ఉంది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విచారించే అధికారి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. అబద్ధం రాసి అక్కడికి వెళ్లినవారి తరఫున ఎవరు మాట్లాడతారు?

బిడ్డ తనంతట తానే పాలసీలో చేరిపోడు. కొన్ని పాలసీల్లో ప్రసూతి కవరుతో పాటు పుట్టిన రోజు నుంచే బిడ్డకు కొంత మొత్తం ఉంటుంది, అదీ తల్లి ప్రసూతి క్లెయిము చెల్లుబాటైతేనే. చాలావాటిలో తొంభై రోజులు నిండాక ప్రీమియం కట్టి పేరు చేర్పించాలి. ఆ తొంభై రోజుల్లోనే కదా కామెర్లకు నీలి దీపాల కింద పెట్టేదీ, నెల తక్కువ బిడ్డను పసికందుల ఐసీయూ అయిన ఎన్ఐసీయూలో ఉంచేదీ! తల్లి బిల్లు కన్నా బిడ్డ బిల్లు రెండింతలైన కేసులు నా కౌంటర్ దాటి వెళ్లాయి. పాలసీ కొనేటప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగే ఓపిక ఉంటే, పురిటికి ఎంత ఇస్తారని కాక, పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచి ఎంత ఇస్తారని అడగండి. జవాబు ఫోన్లో వద్దు, పాలసీ కాగితంలో ఏ పేజీలో ఉందో చూపించమనండి.

"ఆఫీసు పాలసీని నమ్ముకోకండి" అన్నది సగం నిజం. ఉద్యోగం మానేసిన రోజుతో అది పోతుంది, కాబట్టి సొంతది ఒకటి ఉండాలి. పురిటి వరకు మాత్రం అదే మేలు. చాలా కంపెనీల బృంద పాలసీల్లో ప్రసూతికి వెయిటింగ్ పీరియడ్ ఉండదు, బిడ్డకు తొలిరోజు నుంచే కవరు. రుషికొండ ఐటీ కొండ మీద పనిచేసే పిల్లలకు ఈ సంగతి తెలుసు. అచ్యుతాపురం, దువ్వాడ సెజ్‌లలో కుట్టుమిషన్ల మీద కూర్చునే అమ్మాయిలకు తమ జీతంలోంచి కోస్తున్న 0.75 శాతం ఈఎస్ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా)దని, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి అందులో ప్రసూతి వైద్యమే కాక అర్హత మేరకు 26 వారాల జీతం కూడా వస్తుందని చెప్పేవారే లేరు. ఈఎస్ఐ కార్డు బ్యాగులో పెట్టుకుని అప్పు చేసి నర్సింగ్ హోమ్‌లో పురుడు పోసుకున్నవాళ్లున్నారు.

ఇక ఘోషా ఆసుపత్రి. విశాఖ పాతనగరంలోని ఆ ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిలోనే నేను పుట్టాను, మా తమ్ముడూ పుట్టాడు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు ఉచితం, సిజేరియన్ అయినా సరే. మందులు, పరీక్షలు, రక్తం, భోజనం కూడా. జబ్బు చేసిన బిడ్డకు ఏడాది వయసు దాకా వైద్యం ఉచితం. రద్దీ ఉంటుంది, మంచం కోసం మాటలు పడాల్సి వస్తుంది, కాదనను. కానీ ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో శిశువుల ప్రత్యేక వార్డు బయట రాత్రంతా కూర్చున్న తండ్రి ఎవరినైనా అడగండి, అది గతి లేక వచ్చే చోటో కాదో చెబుతాడు.

ఆ గాజువాక అబ్బాయికి ఆ రోజు ఇదంతా చెప్పలేదు. ఎక్కడ పని అని అడిగాను. పరవాడ ఫార్మాసిటీలో. కంపెనీ బీమా కార్డు పర్సులోనే ఉంది, తన ఒక్కడి పేరుతో. పెళ్లయి ఏడాదిన్నర అయినా భార్య పేరు చేర్పించలేదు. పాలసీ రెన్యూవల్ ఎప్పుడని వాళ్ల ఆఫీసుకు నా ముందే ఫోను చేయించాను. వచ్చే నెల ఒకటో తారీఖట, రెన్యూవల్‌లో భార్య పేరు చేర్చవచ్చట, ప్రసూతికి వెయిటింగ్ లేదట. డాక్టరమ్మ ఇచ్చిన కాన్పు తేదీ దానికి ఆరు వారాల తర్వాత. ఆ అమ్మాయి అప్పటికి చెప్పులు వేసుకుని లేచి నిలబడింది.

సొంతంగా కొన్న పాలసీ దరఖాస్తులో "ప్రస్తుతం గర్భవతా?" అన్న ప్రశ్న పక్కన "కాదు" అని టిక్కు ఉంది. ఏజెంటు పెట్టమన్నాడట. ఉన్న మాట కంపెనీకి ఉత్తరం రాసి సరిచేసుకోమని తెల్లకాగితం, పెన్ను ఇచ్చాను. కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. రాశాడో లేదో నాకు తెలియదు.