బల్ల గుద్దకుండా చెబుతున్నా

తెలుగువాడు తన మాట నమ్మించాలంటే మొదట మామూలుగా చెబుతాడు. తర్వాత ఒట్టేసి చెబుతాడు. అప్పటికీ ఎదుటివాడు పెదవి విరిస్తే బల్ల గుద్ది చెబుతాడు. దాని తర్వాత మనకి ఇంకో ప్రమాణం లేదు. అసెంబ్లీలోనూ అంతే, అధినేత మాట నచ్చితే సభ్యులు బల్లలే చరుస్తారు. ప్రజాస్వామ్యంలో ఇంత భారం మోస్తున్న కొయ్యసామాను, కుర్చీని మినహాయిస్తే, మరొకటి లేదు. అలాంటి బల్లకి ఇప్పుడు పైన టచ్‌స్క్రీన్ పెట్టారు, దానికి తెలివొచ్చింది. ఇకమీదట దాన్ని గుద్దకూడదట, వేలికొసతో నిమరాలట. ఇంత పెద్ద మార్పు మీద విశాఖపట్నంలో ఇంతవరకూ ఒక్క సభ కూడా జరగలేదు. గత్యంతరం లేక ఆ పని నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

మొన్న ఆదివారం పొద్దున్న నేను, మా ఆవిడ, వాళ్ళన్నయ్య, అంటే మా బావగారు, అనకాపల్లి నుంచి వచ్చిన మా మేనత్త కలిసి టిఫినుకి వెళ్ళాం. బీచ్ రోడ్డు మీద, సముద్రం కనపడేలా అద్దాల గోడ పెట్టిన హోటలు. పేరు అడక్కండి. కాఫీ బావుంటుంది, మళ్ళీ వెళ్ళాలి.

కూర్చోగానే బల్ల వెలిగింది. నీలంగా నీళ్ళు, అందులో ఎర్ర చేపలు. అత్త వేలు పెట్టగానే చేపలు చెదిరిపోయాయి. ఆవిడ గభాల్న చెయ్యి వెనక్కి తీసుకుని చీరచెంగుకి తుడుచుకుంది. తడి లేదు. "ఏట్రా ఇది, టీవీని పడుకోబెట్టీసేరు?" అంది. ఈ యంత్రం గురించి నేను చదివిన వర్ణనలన్నిట్లోకీ ఇదే కచ్చితమైనది.

నీళ్ళు ఇంకిపోయి మెనూ వచ్చింది. వచ్చింది నా వైపు తిరిగి. ఎదురుగా ఉన్న బావగారికి ఇడ్లీ తలకిందులుగా కనపడుతోంది, పక్కనున్న మా ఆవిడకి వడ అడ్డంగా పడుకుంది. మసాలా దోసె నా వైపు నుంచి 99 రూపాయలు, బావగారి వైపు నుంచి 66. ఆయన బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, కళ్ళతో చూసిన అంకె మీద నుంచి కదలరు. ఆఖర్న బిల్లు దగ్గరా కదల్లేదు. బల్ల అన్నాక నలుగురూ నాలుగు వైపులా కూర్చుంటారు, అక్షరం మాత్రం ఒక్కరి వైపే నిలబడుతుంది. ఈ చిక్కు మీద పెద్దపెద్ద పరిశోధకులు బుర్రలు బద్దలుకొట్టుకుని, ఎవరి వైపు వాళ్ళకి తిప్పి మనిషికో మెనూ చూపిస్తే పోతుంది కదా అన్నారు. మనిషికో మెనూ కార్డు ఇచ్చే ఆచారం మా ఊళ్ళో ముందునుంచే ఉందని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

అసలు సంకటం టిఫిను వచ్చాక మొదలైంది. ఇంకో వడ తినాలనిపించింది. వడ కావాలంటే బల్లని ముట్టుకోవాలి. ఏ చేత్తో? కుడిచేతికి చట్నీ ఉంది, ఎంగిలి. ఎడంచెయ్యి చాపబోతే అత్త ఊరుకోలేదు. "ఎడంచేత్తో తిండి అడుగుతావేట్రా!" అంది. లేచి చెయ్యి కడుక్కొచ్చాను. తడివేలు బల్లకి నచ్చలేదు, వడ నొక్కితే పూరీ వెలిగింది. రుమాలుతో తుడుచుకుని, ఆరబెట్టుకుని, మళ్ళీ కూర్చునేసరికి వడ మీద కోరిక చచ్చింది. ఈ యంత్రం తయారుచేసినవాళ్ళకి వేలి వెడల్పెంతో తెలుసు, ఎంత సేపు ఆనిస్తే నొక్కినట్టో తెలుసు, ఎంగిలి మాత్రం తెలీదు. వాళ్ళ భాషలో ఆ మాటే లేదు. మాటే లేని బాధకి ప్రోగ్రాము ఎవడు రాస్తాడు?

ఈలోగా చల్లనీళ్ళ గ్లాసు తన పని తను చేసుకుపోతోంది. విశాఖ గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. చల్లటి గ్లాసు పెట్టిన రెండు నిమిషాలకి దానికి చెమటలు పట్టి, అడుగున గుండ్రటి నీటి చక్రం తయారవుతుంది. ఈ తెరలు మన వేలిని కనిపెట్టేది వేలు కాస్త విద్యుత్తు లాక్కుంటుంది కాబట్టి. నీళ్ళకీ ఆ గుణం ఉంది. నీటి చక్రం వెళ్ళి పెసరట్టు బొమ్మ పక్కనున్న కూడిక గుర్తు మీద పడింది. కాసేపటికి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "సార్, 11 పెసరట్లు మీవేనా?" అన్నాడు.

మావి కావన్నాం. సరే అని తడిగుడ్డ తీశాడు. హోటల్లో బల్ల తుడవడమంటే తెలుసుగా, అరచెయ్యి మొత్తం ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఈడుపు. ఆ ఈడుపుకి 11 కాస్తా 14 అయ్యాయి. మెనూ గిర్రున తిరిగి, ఏ దేశానిదో తెలియని లిపిలోకి వెళ్ళిపోయింది. "తుడవకపోతే కస్టమర్లు తిడతారు, తుడిస్తే ఇది తిక్క చేస్తాది సార్" అని కుర్రాడు జేబులోంచి చిన్న పుస్తకం, చెవి వెనకనుంచి పెన్నూ తీశాడు. "చెప్పండి, ఏటి కావాలి?"

ఈ బల్ల నిన్న పుట్టిందేమీ కాదు. 2007 మే నెలలో మైక్రోసాఫ్ట్ వాళ్ళు 'సర్ఫేస్' అనే బల్లని లోకం ముందు పెట్టారు. 30 అంగుళాల తెర, లోపల ప్రొజెక్టరు, కంటికి కనపడని పరారుణ కాంతిని చూసే ఐదు కెమెరాలు. ఆ కెమెరాలు బల్ల పొట్టలో కూర్చుని పైకి చూస్తుంటాయి. వేలు ఆనిన చోట పరారుణ కాంతి తగిలి వెనక్కి వస్తుంది, అది చూసి ఇదిగో వేలు అని పసిగడతాయి. ధర 10,000 డాలర్ల దాకా చెప్పారు, అప్పటి మారకంలో సుమారు నాలుగు లక్షల రూపాయలు. ఒకేసారి 52 స్పర్శలు పట్టగలదన్నారు. అన్నింట్లోనూ వేలు పెట్టే జాతిమి, మనకి 52 ఏ మూలకి? మా ఇంటి ఒక్క పెళ్ళి మాటలకే చాలవు. పైగా ఎండలోనూ పరారుణం ఉంటుంది. గట్టి ఎండ పడితే వేలేదో వెలుగేదో ఆ కెమెరాలకి తెలీదు. మాది సూర్యుడు సముద్రంలోంచి లేచి నేరుగా హోటలు బల్లల మీదకి దిగే ఊరు. రోజూ మొదటి ఆర్డరు ఆయనదే అయ్యుండేది.

తర్వాత 2011లో సామ్‌సంగ్‌తో కలిసి నాలుగంగుళాల మందంలో సన్నటి బల్ల చూపించారు. మరుసటి ఏడు మైక్రోసాఫ్ట్ టాబ్లెట్ తెచ్చి, 'సర్ఫేస్' పేరు దానికి పెట్టేసి, బల్లని 'పిక్సెల్‌సెన్స్' అని పిలవండి అన్నారు. మనమూ తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. కానీ తాత ఎదురుగా కూర్చుని ఉండగా ఆయన పేరు లాక్కుని, ఇవాళ్టినుంచి మీరు ఫలానా అని చెప్పం.

ఇంతకీ 'టచ్' అనే మాటని పత్రికలవాళ్ళు స్పర్శ అని రాస్తున్నారు. మనకి అంతకన్నా పాతమాట ఉంది, అంటు. ఈ విద్యలో మనకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. ఎవరు దేన్ని ముట్టుకోవాలి, ఎవరి నీడ ఎందాకా రావాలి, టీకొట్టులో ఎవరి గ్లాసు విడిగా పెట్టాలి, ఇదంతా ఒక్క చిప్పు కూడా లేకుండా తరతరాలు నడిపించినవాళ్ళం. మనిషి ముట్టుకుంటే మైలపడే వస్తువులు మన దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. వాళ్ళిప్పుడు మనిషి ముట్టుకుంటే వెలిగే వస్తువు చేశారు.

ముట్టుకున్నది ఎవరో చెప్పేసే బల్ల కూడా ఉంది. అమెరికాలోని మిత్సుబిషి పరిశోధనశాల 2001లో చేసింది, పేరు డైమండ్‌టచ్. బల్లలోంచి సన్నటి సంకేతం వేలి గుండా ఒంట్లోకి ఎక్కి, కూర్చున్న కుర్చీలోకి దిగుతుంది. ఏ కుర్చీలోకి దిగితే ఆ కుర్చీవాడు ముట్టుకున్నట్టు లెక్క. అంటే అది గుర్తుపట్టేది మనిషిని కాదు, కుర్చీని. దీన్ని లోపం అనేవాళ్ళు మన ఆఫీసులు చూసుండరు. కుర్చీ దిగిన మర్నాడు ఎంత పెద్దసారునైనా అటెండరు గుర్తుపట్టడు.

ఆఫీసుల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. శాస్త్రవేత్తల తెలివంతా బల్ల పైభాగం మీదే ఖర్చయింది. మన దగ్గర పనులు జరిగేది బల్ల కింద. 2007 నాటి ఆ మోడలుకి లోపల ఐదు కెమెరాలు ఉన్నాయని చెప్పానుగా. అలాంటి బల్ల మా ఊళ్ళో ఏ ఆఫీసులోనూ నాకు కనపడలేదు. కారణం ధర అనుకునేవాళ్ళు అమాయకులు.

ఇక ఇళ్ళ సంగతి. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో భోజనాల బల్ల ఒకటుంది. ఈ వ్యాసం కోసం నిన్న రాత్రి దాని మీద ఏమున్నాయో లెక్క రాశాను. ఆవకాయ జాడీ, షుగరు మాత్రల డబ్బా, మూడు నెలల కరెంటు బిల్లులు, సగం ఒలిచిన వెల్లుల్లి, మూతలేని పెన్ను, పెన్నులేని మూత, సింహాచలం ప్రసాదం పొట్లం, అయిపోయిన పెళ్ళి తాలూకు శుభలేఖ, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు, ఇస్త్రీ అయి వచ్చిన బట్టలు. భోజనం మాత్రం టీవీ ముందు ఒళ్ళో కంచం పెట్టుకుని చేస్తాం. బల్ల ఉపరితలం సంక్రాంతికి ఒకసారి దర్శనమిస్తుంది. ఈ కొత్త బల్ల ఖాళీగా ఉంటేనే పనిచేస్తుందట. తెలుగువాళ్ళ ఇంట్లో ఖాళీ బల్ల! ఆ వెల్లుల్లి చాలు, వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూపులన్నిటికీ అర్ధరాత్రి శుభోదయాలు పంపడానికి.

పాత బల్లకి ఇంకో సదుపాయం ఉంది, అది ఏ కంపెనీ ప్రకటనలోనూ కనపడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా హాలు కిటికీ అద్దాలు పగిలి గాలీ వానా లోపలికి కొట్టాయి. బల్లని ఎత్తి నిలబెట్టి కిటికీకి ఆనించి, దాని వెనక ఇద్దరం వీపులు పెట్టి నిలబడ్డాం. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. అదే బల్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని అన్నం తిన్నాం. ఆ నాలుగు రోజులూ మాత్రం దాన్ని భోజనాలకే వాడాం.

వస్తువుని పైన పెడితే అదేమిటో గుర్తుపట్టడం కూడా ఈ బల్లలకి వచ్చు. మైక్రోసాఫ్ట్ బల్లకైతే వస్తువు అడుగున చుక్కల చీటీ ఒకటి అంటించాల్సి వచ్చేది, అలాంటి చీటీలు 256 రకాలు ఉండేవి. ఈ విద్యని ఫిషింగ్ హార్బరులో ప్రవేశపెట్టాలని నా ప్రతిపాదన. వంజరాన్ని బల్ల మీద పెట్టగానే ఏ బోటులో వచ్చింది, ఎన్ని రోజులు ఐసులో పడుకుంది, అన్నీ పక్కన అచ్చవుతాయి. ఇది తీసుకెళ్ళి అక్కడ చేపలమ్మే ఒకావిడకి వివరించాను. ఆవిడ శ్రద్ధగా వింది. విని, చేప మొప్ప ఎత్తి ఎరుపు చూపించి, నా చూపుడువేలు పట్టుకుని చేప నడుం మీద పెట్టి, "నొక్కి సూడు బావూ. గుంట పడితే డబ్బులొద్దు" అంది. నొక్కాను. గుంట పడలేదు, కండ గట్టిగా వేలిని పైకి తన్నింది. తడివేలితో కూడా పనిచేసింది.

అన్నీ వంకలే అంటారేమో, ఒక మంచి కూడా చెబుతాను. ఫోను మనిషిని మూలకి తోస్తుంది, బల్ల నలుగురినీ చుట్టూ చేరుస్తుంది. మా ఊళ్ళో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. అలాంటి చోట తీరం పటం మొత్తం బల్ల మీద పరిచి, పదిమంది చుట్టూ నిలబడి, గాలి ఇటు తిరిగితే ఏ ఊళ్ళు ఖాళీ చేయించాలో వేళ్ళతో గీసి చూసుకోగలిగితే, నాలుగు లక్షలు కాదు, నలభై లక్షలైనా తక్కువే. ఇది వెటకారం కాదు, హుద్‌హుద్ చూసినవాడిగా అంటున్నాను. కాకపోతే అలాంటి సమావేశం ఒకటి ఊహించుకున్నాను. పెద్దసారు వచ్చి పటం మీద వేలు పెట్టారు. మిగతా తొమ్మిదిమందీ చేతులు కట్టుకున్నారు. 52 స్పర్శల బల్ల మీద ఒక్క వేలు తిరుగుతోంది, అదీ భీమిలి కోసం గాజువాక వైపు.

ఈ వ్యాసం ముగించేముందు న్యాయంగా ఉండాలని నిన్న ఆ హోటలుకి మళ్ళీ ఒక్కణ్ణే వెళ్ళాను. బల్లల మీద గళ్ళ దుప్పట్లు పరిచారు, దాని మీద ప్లాస్టిక్ షీటు. మెనూ కార్డులు వచ్చాయి. అదే కుర్రాడు, అదే పెన్ను. "తీసీలేదా?" అన్నాను కళ్ళతో బల్లని చూపిస్తూ. "కింద ఆనే ఉంది సార్. స్విచ్చి ఎక్కడుందో ఎవలికీ తెల్దు" అన్నాడు.

కాఫీ చెప్పాను. తెచ్చాడు. గ్లాసు బల్ల మీద పెట్టగానే దుప్పటి కింద నీలంగా వెలిగి, టింగ్ మంది. అయిదు నిమిషాలకి నేను అడగని రవ్వదోసె వచ్చింది.

తిన్నాను. బావుంది.