ఆలివ్ కాయలో నూనె శాతం పెరిగితే నూనె పెరిగినట్టేనా?

పిజ్జా మీద పచ్చ ముక్కలూ నల్ల ముక్కలూ చూసి అవి రెండు రకాల కాయలేమో అనుకునేవాణ్ణి చాలా ఏళ్లు, తీరా చూస్తే ఒకటే కాయ, ముందు పచ్చగా ఉండి ముదిరాక నల్లబడుతుంది. (డబ్బాల్లో వచ్చే నల్లవి చాలావరకు చెట్టు మీద పండినవి కూడా కాదు, పచ్చికాయల్నే గాలి పట్టించి నల్లగా చేస్తారు, అది వేరే కథ.) నూనె దగ్గరికొస్తే మాత్రం గొడవంతా ఈ ముదరడం గురించే.

స్పెయిన్‌లో ఆలివ్ నూనెకి హేయెన్ జిల్లా పెట్టింది పేరు, అక్కడ ఎక్కువగా ఉండేది పిక్వాల్ రకం. మే నెల ప్రాంతంలో పూత, ఎండాకాలం మధ్యకి టెంక గట్టిపడుతుంది, అప్పటిదాకా కాయలో నూనె దాదాపు లేనట్టే. టెంక పని అయ్యాకే ఆకుల నుంచి వచ్చే చక్కెరలు గుజ్జులో నూనెగా మారడం మొదలవుతుంది, ఆగస్టు నుంచి అక్టోబర్, నవంబర్ దాకా జోరుగా సాగుతుంది, తర్వాత నెమ్మదించి ఆగిపోతుంది. కాయ పచ్చ నుంచి ఊదాకి తిరిగి నల్లబడేది కూడా దాదాపు అప్పుడే.

అయినా మిల్లులో నూనె శాతం మాత్రం ఆ తర్వాత కూడా పెరుగుతూనే కనిపిస్తుంది. ఎలాగంటే, 4 గ్రాముల కాయలో 0.8 గ్రాముల నూనె ఉంటే 20 శాతం, అదే కాయలో నీరింకి 3.2 గ్రాములకి దిగితే అదే 0.8 గ్రాములు 25 శాతం అయిపోతుంది, చుక్క నూనె కూడా కొత్తగా రాలేదు. మన మార్కెట్ యార్డులో తేమ శాతం పేరు చెప్పి తరుగు తీయడం చూసినవాళ్లకి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. అందుకే తేమ తీసేసి, పొడి బరువు మీద కొలిస్తేనే నూనె ఎప్పుడు ఆగిందో తెలిసేది.

నాకు చిరాకు తెప్పించేది ఏంటంటే, అక్కడ చాలా సహకార మిల్లులు తెచ్చిన లోడు లోడుకీ శాంపిల్ తీసి నూనె శాతం చూసి డబ్బు కడతాయి. కిలో కాయకి రేటు చూసుకుంటే ఆగితేనే లాభంలా అనిపిస్తుంది, పైగా ముదిరిన కాయ నుంచి నూనె తేలిగ్గా వస్తుంది, లీటరుకి నాలుగైదు కిలోలు చాలు, పచ్చికాయైతే ఎనిమిది, పది కిలోలు కూడా పట్టొచ్చు. కానీ ఆగినకొద్దీ గొంతులో చురుక్కుమనిపించే పాలీఫినాల్స్ తగ్గిపోతాయి, నూనె ఎక్కువ రోజులు పాడవకుండా నిలబడేది వాటివల్లే. రాలిన కాయలు నేలమీద పడుంటే ఆమ్లం పెరుగుతుంది, 0.8 శాతం దాటితే ఎక్స్‌ట్రా వర్జిన్ (అన్నిటికన్నా మేలైన గ్రేడు) అనే పేరే దక్కదు. పచ్చికాయ నూనె ఖరీదెక్కువని తిట్టుకునేముందు ఆ పది కిలోల లెక్క చూడాలి.

మన ఆయిల్‌పామ్‌దీ గుజ్జు నూనే, విత్తులో ఉండేది వేరు. కాకపోతే తెలంగాణలో గెలల ధర కట్టేది ఒక్కో రైతు గెల చూసి కాదు, మొత్తం మీద తేలిన ఓఈఆర్ (గెలల బరువులో మిల్లులో దిగే నూనె శాతం) లెక్కన. అంటే ఈ లెక్క ప్రకారం పళ్లు రాలేదాకా ఆగి కోసిన రైతుకీ, పచ్చిగెల లారీకెత్తిన రైతుకీ టన్నుకి ఒకే రేటు. హేయెన్ పద్ధతి రైతుని ఎక్కువ రోజులు ఆగమంటుంది, మన ధర లెక్క ముందే కోసేసినా పట్టించుకోదు.