ఎనిమిది పిడుదులు

పిల్లికూన మా ఇంటికి వచ్చేసరికి దాని వయసు పది వారాలు. అరచేతిలో పట్టే ఆ ప్రాణికి మా ఏడేళ్ల అమ్మాయి ‘గండు’ అని పేరు పెట్టింది. మగదేనని ఇచ్చినవాళ్లు చెప్పారు కాబట్టి పేరు మీద ఎవరికీ పేచీ లేదు. పెంచడం మీద పేచీ పెట్టింది నేనొక్కణ్నే. “ఇల్లంతా వెంట్రుకలు, నావల్ల కాదు, దాని సంగతి మీరే చూసుకోండి” అని ఖరాఖండీగా చెప్పేశాను. ఆ రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని, దాని పక్కన నేలమీద బోర్లా పడుకుని, ఊపిరి లెక్కపెట్టిందీ నేనొక్కణ్నే.

తప్పు నాది కాదు, ఫోనుది. పడుకోబోతూ పిల్లికూనల ఆరోగ్యం గురించి వెతికాను. నిద్రలో పిల్లి నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుందట. కూనలు ఇంకాస్త వేగంగా తీయవచ్చట. ఆ ‘ఇంకాస్త’ దగ్గరే నా నిద్ర పోయింది. మొదటిసారి లెక్కలో 32 వచ్చింది, రెండోసారి 44. మధ్యలో నా ఊపిరి కూడా కలిపేశానేమోనని అనుమానమొచ్చి, నాది బిగబట్టి మళ్లీ మొదలుపెట్టాను. కాసేపటికి నాకే కళ్లు తిరిగాయి. అంతలో గండు కాళ్లు టపటపా కొట్టుకున్నాయి, మీసాలు అదిరాయి. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, వాటి మీద తెల్లటి పొర. ఫిట్స్!

మా ఆవిణ్ని లేపాను. ఒక కన్ను తెరిచి చూసింది. “కల కంటోందండీ. మీరూ నిద్రలో కాళ్లు విదిలిస్తారు, నేనెప్పుడైనా ఎవర్నైనా లేపానా?” అని అటు తిరిగి పడుకుంది.

పిల్లులకి మూడో రెప్ప ఒకటుంటుందని, నిద్రమత్తులో అది కంటి మీదికి సగం జరిగి కనిపించడం మామూలేనని తెల్లారాక తెలిసింది. బాగా మెలకువగా ఉన్నప్పుడు కూడా అలాగే కనిపిస్తుంటే మాత్రం చూపించాలట. ఇక అప్పట్నుంచి గండు మెలకువగా ఉందా, బాగా మెలకువగా ఉందా అన్నది నా సమస్య.

ఆ వారమంతా ఇంట్లో కాలు కాలిన పిల్లి నేనే. అసలు పిల్లి రోజుకి పద్ధెనిమిది గంటలు హాయిగా పడుకునేది. మా అమ్మాయి లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో ‘విపరీతమైన నీరసం’ అని రాసుకున్నాను. మిగతా ఆరు గంటలూ కర్టెన్లు ఎక్కేది. దాని కిందే ‘విపరీతమైన హుషారు’ అని రాసుకున్నాను. తుమ్మితే టైముతో సహా ఎక్కించాను. మూడు తుమ్ములూ నేను పౌడరు రాసుకునే వేళకే వచ్చాయన్న సంగతి ఆ నోటుబుక్కు చదివినవాళ్లు చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి సాక్సు విప్పి పడేశాను. గండు వెళ్లి దాన్ని వాసన చూసింది. చూసి తలెత్తి, పైపెదవి ముడిచి, నోరు సగం తెరిచి, శూన్యంలోకి చూస్తూ కొయ్యబారిపోయింది. పిల్లి నోటితో రొప్పితే ప్రమాదమని అప్పటికే చదివి ఉన్నాను. “అయిపోయింది!” అని అరిచాను. మా ఆవిడ వచ్చి గండుని చూసింది, సాక్సుని చూసింది. “అది నాకూ అలాగే అవుతుంది” అని వెళ్లిపోయింది.

ఇంకోరోజు ఒళ్లు వేడిగా తగిలింది. మా థర్మామీటరు చంకలో పెడితే 101. ఆ మాత్రం జ్వరానికి నేనైతే సెలవు పెట్టి పడుకుంటాను. ఇంట్లో ఎప్పుడూ ఉండే పారాసిటమాల్ బిళ్లని నాలుగో వంతుకి విరిచి, నీళ్లలో అరగదీయబోతుంటే మా ఆవిడ చేతిలోంచి లాక్కుంది. “మనుషుల మందు దానికెందుకండీ, అడగందే వేయకండి” అంది. నేను అలిగాను. ఎందుకు అలిగానా అని తర్వాత సిగ్గుపడ్డాను, ఆ సంగతి వస్తుంది.

అసలు ఘట్టం ఆదివారం జరిగింది. గండు నా ఒళ్లో వెల్లకిలా పడుకుంది. పొట్ట నిమురుతుంటే వేలికి ఏదో గింజలా తగిలింది. బొచ్చు పక్కకి తీస్తే చిన్న బుడిపె. దాని పక్కన ఇంకొకటి. పిడుదులు! రక్తం తాగి బలిసే పిడుదులు! ఇల్లంతా కేకేసి, మా ఆవిడ కనుబొమల ప్లక్కరూ, టార్చీ, కళ్లజోడూ తెప్పించాను. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. నేను మొదటి పిడుదుని ప్లక్కరుతో గట్టిగా పట్టుకుని లాగాను.

అంత చిన్న గొంతులోంచి అంత అరుపు వస్తుందని నాకు తెలీదు. నా మణికట్టు మీద నాలుగు గీతలు పడ్డాయి. అయినా వెనక్కి తగ్గలేదు. “బాగా కరుచుకుని ఉంది, మొండిది” అని ఇంకొకదాని మీదికి వెళ్లాను.

టార్చి పట్టుకున్న పిల్ల అంది: “నాన్నా, పురుగులు లైన్లో నిలబడతాయా?”

లెక్కపెట్టాను. కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు. ఎదురెదురుగా, కొలిచి పెట్టినట్టు. మా ఆవిడ నా చేతిలోంచి ప్లక్కరు తీసుకుని, “డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి, ముందు గండుని, తర్వాత మిమ్మల్ని చూపిద్దాం” అంది.

పశువుల డాక్టరుగారు నోటుబుక్కు మొత్తం ఓపిగ్గా చదివారు. సాక్సు కథకి నవ్వి, పిల్లి అంగిట్లో వాసన పసిగట్టే అవయవం ఇంకొకటి ఉంటుందని, గాఢమైన వాసన తగిలితే అలా నోరు తెరిచి లోపలికి పీల్చుకుంటుందని చెప్పారు. గాఢమైన అన్న మాట దగ్గర మా ఆవిడ నావైపు చూసింది. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల మధ్య ఉంటుందట. పారాసిటమాల్ సంగతి దగ్గర మాత్రం డాక్టరమ్మగారు నవ్వలేదు. ఆ మందుని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదట. కూనకి ఆ పావు ముక్కే ప్రాణం మీదికి తెచ్చేదట. నేను కుర్చీలో ఇంకాస్త కిందికి జారాను.

“ఇక ఈ పిడుదులు...” అని గండుని వెల్లకిలా తిప్పి చూపించాను.

ఆవిడ చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఇవి దాని చనుమొనలండీ.”

“మేడమ్, మగదండీ అది.”

“మీరూ మగవారే కదండీ” అన్నారు ఆవిడ.

మా అమ్మాయి నా చొక్కావైపు ఆసక్తిగా చూడటం మొదలుపెట్టింది.

పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని నాకు గర్వంగా ఉన్న ఒక్క విషయం ఎత్తాను. “తిండి మాత్రం బాగా ఒంటబట్టించానండీ, ఆ బొజ్జ చూడండి.” ఆ బొజ్జ ఫొటోలు బంధువులందరికీ పంపాను, నోటుబుక్కులో దాని ఊసే లేదు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, వెన్నుమీద వేలు పోనిచ్చి, త్రాసు మీద కూర్చోబెట్టారు. 800 గ్రాములు. ఆ వయసుకి కిలో దాటాలట. “వెన్నెముక చేతికి తగులుతోంది, పొట్ట డోలులా ఉంది. తిండి ఒంటబట్టింది దీనికి కాదు, లోపలున్నవాటికి” అన్నారు. ఏలిక పాములు. తల్లిపాలతోనే కూనల్లోకి వచ్చేస్తాయట. బరువుని బట్టి మందు పోసి, రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు. ఇప్పుడు పడేవి పేగుల్లో ఉన్న పెద్దవేనట, ఒంట్లో ఇంకెక్కడో తిరుగుతున్న పిల్లపాములు తర్వాత పేగుల్లోకి దిగుతాయట. గండు దొడ్డికి కూర్చునే లిట్టర్ ట్రే రోజూ శుభ్రం చేయాలనీ, గండుతో ఆడాక చేతులు కడుక్కోవాలనీ మా అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పారు. వాటి గుడ్లు మనుషుల్లోకీ వెళ్తాయి మరి.

మర్నాడు ట్రేలో తెల్లటి దారపు ఉండలు కనిపించాయి. వాటి ఫొటో ఎవరికీ పంపలేదు. బొజ్జ వారంలో తగ్గింది, కర్టెన్లు రెండు చిరిగాయి.

నెలన్నర గడిచింది. ఒక ఉదయం సోఫా కింద చిన్న తెల్లటి పన్ను దొరికింది. వెనకటి నేనైతే ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ని. ఈసారి తొణకలేదు. తల్లినీ కూతుర్నీ పిలిచి కూర్చోబెట్టాను. పిల్లికి పాలపళ్లు 26 అనీ, మూడు నెలలు దాటాక ఊడటం మొదలై ఏడో నెలకల్లా 30 గట్టి పళ్లు వస్తాయనీ, చాలావరకు మింగేస్తుంది కాబట్టి ఇలా దొరకడం మన అదృష్టమనీ విడమరిచి చెప్పాను. ఖాళీ ఎక్కడుందో చూపిద్దామని గండు నోరు తెరిచాను.

ఎంత వెతికినా, దొరికినంత పన్ను పట్టే ఖాళీ ఆ నోట్లో ఎక్కడా లేదు. మా అమ్మాయి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చెయ్యి తీస్తే కింది వరసలో ముందు కిటికీ తెరుచుకుని ఉంది.

“అది నాది నాన్నా. రాత్రి ఊడింది. గండు ఆడుకుంటుందని ఇచ్చేశా.”