బంకు కొట్టిన బంకులు: మా బోటు ట్రైలర్ గారికి ఒక విన్నపం

మా బోటును కారు వెనుక మోసుకొచ్చే బండి, మహారాజశ్రీ ట్రైలర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం, గోడకు అవతల గ్యారేజీలో మీరూ క్షేమమే. క్షేమం లేనిదల్లా మూడేళ్లుగా మీ మీద పవళిస్తున్న మా 14 అడుగుల అల్యూమినియం బోటు.

మొన్న శనివారం లూయిస్‌విల్ సరస్సులో గాలం వేయకముందే చీలమండల దాకా నీళ్లు వచ్చిన సంగతి మీకు తెలియనిది కాదు, మీరు బోటును నీళ్లలోకి దించే ర్యాంపు పక్కన నీడలో విశ్రాంతి తీసుకుంటూ అంతా తిలకించారు. బోటులోని నీళ్లు వదిలే రంధ్రానికి ప్లగ్గు పెట్టడం మరిచాడని నవ్వబోయేవారికి ముందే మనవి చేస్తున్నాను: ప్లగ్గు పెట్టాను, బిగించాను, వేలితో తడిమి కూడా చూశాను. టెక్సాస్ ఎండలో మధ్యాహ్నమంతా నీళ్లు తోడి పోశాక తేలిందేమిటంటే, అవి వెనుక భాగంలో వదులైన రివెట్ల సందుల్లోంచి వస్తున్నాయి.

ఆ రాత్రి టార్చిలైటు పట్టుకొని మీ కిందికి దూరాను. బంకు అంటే మనకు పెట్రోలు పోసే చోటు, లేదంటే కాలేజీ ఎగ్గొట్టడం. ఈ దేశంలో బోటు పొట్టను మోసే పొడవాటి చెక్కలను కూడా బంకులనే అంటారు. మీ బంకులు రెండో అర్థాన్నే తు.చ. తప్పకుండా పాటించాయి. మోటారు తగిలించే వెనుక పలక ఇంకా 14 అంగుళాలు ఉందనగా అవి అక్కడితో ఆగిపోయాయి. పొడగరి చుట్టాన్ని పొట్టి నులకమంచం మీద పడుకోబెట్టి, బయటికి వేలాడే పాదాలకు రుబ్బురోలు కట్టినట్టుంది మీ ఆతిథ్యం. ఆ రుబ్బురోలు 100 పౌండ్ల మోటారు. దాని ముందు బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు. కింద ఉన్నది ఒకటిన్నర మిల్లీమీటరు రేకు. రోడ్డు మీద గుంత వచ్చిన ప్రతిసారీ ఆ బరువంతా ఎగిరి పడేది కింద ఆధారం లేని ఆ గాలిలోనే. రివెట్లు ఊడక ఏం చేస్తాయి? బోటు అడుగున స్కేలు ఆనించి చూస్తే చివరి భాగం కిందికి వంగి ఉంది. ఆ వంపు వల్ల ఏడాదిగా బోటు ముక్కు నీళ్లలోకి దూరి దున్నపోతులా నడుస్తుంటే నేను అమాయకంగా ప్రొపెల్లరును తిట్టుకున్నాను.

14 అంగుళాలు! నిన్ను అంటగట్టిన పెద్దమనిషి "ఈ బోటుకు కొలిచి చేసినట్టుంటుంది" అన్నాడు. ఏ టేపుతో కొలిచాడో! అతణ్ని అనడం దేనికి, మూడేళ్లు నోరు మూసుకొని మోస్తున్నట్టు నటించింది నువ్వే కదా. ఎడమ దీపం వెలగదు, సరే. జాకీ చక్రం తిరగదు, సరే. బేరింగులో గ్రీజు బదులు చెరువు నీళ్లున్నాయి, అదీ సరే. మోయడానికే పుట్టినదానివి, మోయాల్సిన ఆ ఒక్క చోట చేతులెత్తేస్తావా?

కోపంలో ఏకవచనం దొర్లింది, మన్నించగలరు.

ఆదివారం మీకు కొత్త బంకులు వేశాను. దుకాణంలో కుర్రవాడు పురుగు పట్టకుండా మందు పట్టించిన చెక్క తీసుకోమన్నాడు. 2003 తర్వాత ఇళ్లకు అమ్మే చెక్కలో ఆర్సెనిక్ పోయి రాగి ఎక్కువైంది, బంకులకు చుట్టే కార్పెట్టు తడిస్తే ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి మామూలు పైన్ చెక్కకే రంగు వేశాను. బోల్టు తలలు పొట్టకు గుచ్చుకోకుండా చెక్కలోకి దింపాను. చెక్కలు వెనుక పలక కిందికి వచ్చేదాకా పొడిగించాను. బోటు ముక్కును లాగి పట్టే వించి స్తంభాన్ని ముందుకు జరిపి, బోటునే లాగి ఉంటే సులువుగా పోయేది కాని, మలుపులో దాని ముక్కు మా కారు వెనుక అద్దాన్ని పలకరించేది.

ఒకటి సర్దితే ఇంకొకటి లేస్తుందని మీకు నేను చెప్పాలా? మా ఆవిడ బరువు చూసుకునే యంత్రాన్ని తెచ్చి, కారుకు తగిలించే మీ మూతి కింద పెడితే 20 పౌండ్లు చూపింది. బోటూ మీరూ కలిసి 700 పౌండ్లు. అందులో పదో వంతు దరిదాపుల్లో మూతి మీద లేకపోతే హైవే మీద మీరు తోక ఊపుతారు. ఇరుసును పట్టి ఉంచే యూ-బోల్టులు వదులు చేసి, దాన్ని వెనక్కి జరిపి, మళ్లీ తూచి, మళ్లీ జరిపి, 60 దగ్గర ఆపేసరికి చీకటి పడింది. "నా బరువు కూడా ఇలా సర్దితే బాగుండు" అన్నది మా ఆవిడ. నేను మౌనం వహించాను.

రివెట్లు బిగించి, బోటును మీ మీదకు ఎక్కించాక, వెనుక పలకకూ బంకుకూ మధ్య కాగితం దూర్చబోయాను. దూరలేదు. మొదటిసారి మీరు మోస్తున్నట్టు కనిపించారు, ఆ కాసేపు మిమ్మల్ని చూస్తూ గ్యారేజీలోనే నిలబడ్డానని ఒప్పుకుంటున్నాను.

ఎడమ దీపం ఇంకా వెలగడం లేదు. దాని సంగతి వేరే ఉత్తరంలో.

ఇట్లు,
వేళ్లు కమిలిన మీ యజమాని