బీపీటీ అన్నం తిని పంపిన మెసేజ్

ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పేటెంటు లేకపోతే ఎవరూ కొత్తది కనిపెట్టరట. మన విత్తనాలు ప్రపంచానికి పంచిపెట్టి మోసపోయామట. అందరిదీ అంటే ఎవరికీ పట్టనిదట. మా బాబాయి మధ్యాహ్నం భోంచేసి, చెయ్యి కడుక్కుని మరీ నాకు పంపాడు. ఆయన తిన్నది బీపీటీ అన్నం.

పేటెంటు సంగతి ముందు. బీపీటీ 5204, అదే సాంబ మసూరి, 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. దాన్ని తయారుచేసింది నెల జీతం మీద పనిచేసినవాళ్లు. మన చట్టం మొక్కల మీద పేటెంటు ఇవ్వదు. కొత్త మందుల దగ్గర ఈ వాదనకు కొంత బలం ఉంది, కాదనను. వరి దగ్గర మాత్రం నిలవదు.

ఇక మోసపోయామన్న మాట. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. బీపీటీ పుట్టుక చూడండి, మూడు వరి రకాలను కలిపితే వచ్చింది: కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, 1965లో మలేషియాలో విడుదలైన మసూరి. మూడింట రెండు బయటివే! పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి రకాన్ని బంగ్లాదేశ్ రైతులూ వేసుకున్నారు. దానివల్ల గోదావరి జిల్లాల్లో ఒక్క గింజ తగ్గిందా? పైగా ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఒడిశా దేశవాళీ వరిలోని జన్యువును స్వర్ణలోకి ఎక్కించింది. రెండు వారాలు నీట మునిగినా తట్టుకునే ఆ స్వర్ణ 2009లో మళ్లీ మన పొలాలకే వచ్చింది.

దోపిడీ జరగలేదా అంటే జరిగింది. పసుపుతో గాయాలు మాన్పడం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. ఇది మాకు ఎప్పటినుంచో తెలుసని మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. అంటే తాళం వేయబోయింది పేటెంటు, తీయించింది రాసిపెట్టుకున్న ఉమ్మడి జ్ఞానం.

అందరిదీ అంటే ఎవరికీ పట్టదన్న మూడో మాటలో కొంత నిజం ఉంది. బీపీటీ రైతు తన పంటలోంచే వచ్చే ఏటికి విత్తనం తీసి పెట్టుకోగలడు. హైబ్రిడ్ అయితే ఏటా కొనాలి. మరి బీపీటీ మీద కంపెనీ డబ్బెందుకు పెడుతుంది? ఒకరు వాడుకున్నా ఇంకొకరికి తరగని వాటికి మార్కెట్టు ఒక్కటే సరిపోదని అమెరికా ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1954లోనే చూపించాడు. అందుకే ఆ ఖర్చు ప్రజలే పెట్టుకోవాలి.

పెట్టుకున్నాం కూడా. బీపీటీకి ఎండాకు తెగులు పెద్ద బెడద: ఆకు కొసన పసుపు మొదలై, అంచుల వెంట కిందికి దిగి, ఆకంతా గడ్డి రంగుకు తిరుగుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అక్కడి ప్రభుత్వ వరి పరిశోధన సంస్థ కలిసి మూడు జన్యువులు చేర్చి, దాన్ని తట్టుకునే సాంబ మసూరిని 2008లో ఇచ్చాయి. ఆ మూడింట్లో ఒకటి మొదట దొరికింది ఆఫ్రికాలో, మాలి దేశపు అడవి వరిలో. దానికి బదులుగా మాలి రైతుకు మనమేం ఇచ్చామని బాబాయి అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.