మూత లేని ఊటకు ఒక మనవి

గంగాభాగీరథీ సమానురాలైన బక్స్టన్ సెయింట్ ఆన్స్ ఊట గారికి నమస్కరించి వ్రాయునది. (పాత ఉత్తరాలలో ఈ సంబోధన ఎవరికి వాడేవారో ఎరుగుదును, అయినా నీటికి ఇంతకన్నా తగినది తోచలేదు.)

ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల నడుమ, 1863 నాటి మీ ఊరి రైల్వే స్టేషనులో దిగి, విసనకర్ర వంటి ఆ పెద్ద కిటికీని చూసుకుంటూ పల్లానికి నడిచి వస్తే, క్రెసెంట్ భవనం ఎదుట సింహం నోటి నుండి మీరు ధారకడుతూ కనిపించారు. కుళాయి లేదు, మీటరు లేదు, పైసా అడిగేవారు లేరు. సుమారు 5000 ఏళ్ళ క్రితం కురిసిన వాన నేల లోతుల్లోకి ఇంకి, అక్కడ కాగి, దాదాపు 28 డిగ్రీల గోరువెచ్చని నీరై పైకి వస్తోందని శాస్త్రజ్ఞులు చెబుతుంటే, అంత పాత సరుకును దారినపోయేవారి చేతుల్లో పోయడం ఏ వ్యాపారనీతి? ఇదే నీరు ఊరి పేరు అచ్చువేసిన సీసాలోకి చేరి అంగట్లో కూర్చుంటే జనం భక్తిగా కొంటున్నారు. పెరటి చెట్టుగా ఉన్నంతకాలం మీ వైద్యం ఎవరికి పడుతుంది?

మీకు మూత వేయాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. 1538లో, ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞపై సర్ విలియం బాసెట్ వచ్చి, సెయింట్ ఆన్ విగ్రహాన్ని తొలగించి, భక్తులు మొక్కుగా వదిలిన ఊతకర్రలను సైతం పట్టుకుపోయి, స్నానఘట్టాలకు తాళాలు వేసి ముద్రలు కొట్టాడు. మూఢభక్తిని అణచడానికట, ఊతకర్రలు చేసిన నేరమేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు. తీరా 1573లో ఆ హెన్రీ కూతురు ఎలిజబెత్ హయాంలోనే, బందీగా ఉన్న స్కాట్లండు రాణి మేరీని ఒంటినొప్పుల ఉపశమనానికి కాపలాతో సహా మీ దగ్గరకే తీసుకువచ్చారు. తండ్రి వేయించిన ముద్ర కూతురి నాటికి అలా కరిగిపోయింది. 1894లో కట్టిన పంప్ రూములో మిమ్మల్ని గ్లాసులలో పోసి మర్యాదగా అందించేవారు. అప్పుడైనా కాస్త బిగువు నేర్చుకోవలసింది.

కావున రాత్రిపూట, కనీసం ఆదివారాలైనా ధార ఆపి, మీ విలువను జనానికి తెలియజేయవలసిందిగా మనవి. ఇంకా రాయదలచాను గానీ, రెండు డబ్బాలు పట్టుకుని నా వెనుక నిలబడ్డ పెద్దాయన గొంతు సవరించుకుంటున్నారు. నా సీసా ఎప్పుడో నిండి పొర్లుతోంది.

ఇట్లు,
డబ్బు పెట్టి కొన్న సీసాలో ఉచిత నీళ్ళు పట్టుకున్న
మీ విధేయుడు